ఉన్మాదం, విషాదం: ఉత్తర తెలంగాణ అనుభవం, మన విమర్శ బాధ్యత

మన సాహిత్యంలో 'పిచ్చి' అనే మాటకు ఉన్నంత చెలామణి మరే రోగం పేరుకూ లేదు. వ్యవస్థకు పిచ్చి పట్టిందని రాస్తాం. ధనపిచ్చి, పదవీపిచ్చి, కులపిచ్చి అంటాం. కవి అన్నవాడికి కాస్త పిచ్చి ఉండాలని సభల్లో ఛలోక్తి విసిరి చప్పట్లు కొట్టించుకుంటాం. కాని ఆ మాట నిజంగా ఎవరి బతుకు మీద వచ్చి పడిందో ఆ మనిషిని గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. ఒక రోగాన్ని రూపకంగా వాడుకున్నంతకాలం దాని చరిత్రను తెలుసుకోవలసిన అవసరం రచయితకు కలగదు. మనకూ కలగలేదు.

వైద్యులు ఇవాళ బైపోలార్ డిజార్డర్ అని పిలుస్తున్న రోగం గురించి ఈ వ్యాసం. దీనిలో మనిషి రెండు కొసల మధ్య ఊగుతాడు. ఒక కొసన ఉన్మాదం. నిద్ర అక్కరలేదనిపిస్తుంది. ఆలోచనలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పరుగెడతాయి. మాట ఆగదు. డబ్బు నీళ్లలా ఖర్చవుతుంది. తాను చేయలేనిది లోకంలో లేదనే నమ్మకం పుడుతుంది. ఇంకో కొసన విషాదం. లేచి మొఖం కడుక్కోవడమే కొండ ఎక్కడంతో సమానమవుతుంది. చేసిన ప్రతి పనీ తప్పుగా, బతకడమే నేరంగా తోస్తుంది. ఈ రెండింటి నడుమ నెలలో ఏళ్లో మామూలుగా ఉండే కాలం ఉంటుంది. ఈ నడుమ కాలమే ఈ రోగ చరిత్రను అర్థం చేసుకోవడానికి తాళంచెవి అని నా అభిప్రాయం. ఎందుకో ముందు ముందు చెబుతాను.

కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాల్లో రెండు దశాబ్దాలకు పైగా బడిపంతులుగా తిరిగినవాణ్ని. నేను వైద్యుణ్ని కాను. కాని ఒక మిత్రుని విషయంలో నేను, నాలాంటి సాహిత్య మిత్రులు చేసిన పొరపాటు ఈ చరిత్రను చదివేలా చేసింది. ఆ పొరపాటు దగ్గరికి వచ్చే ముందు చరిత్రలోకి వెళ్లాలి.

1. ఊరి జ్ఞానం, ఊరి అజ్ఞానం

మన పూర్వులకు మనోవ్యాధుల గురించి ఏమీ తెలియదనడం తప్పు. అంతా వాళ్లకు ముందే తెలుసుననడం అంతకంటే పెద్ద తప్పు. చరకసంహిత ఉన్మాదాన్ని అయిదు రకాలుగా విభజించింది. వాత, పిత్త, కఫ దోషాల వల్ల వచ్చేవి మూడు, మూడు దోషాలూ కలిసి ప్రకోపించగా వచ్చేది నాలుగవది, బయటి కారణాల వల్ల వచ్చే ఆగంతుకం అయిదవది. దేవతలు, భూతాలు ఆవేశించడం వంటివన్నీ ఈ చివరి దాంట్లో చేరాయి. అంటే ఆ కాలపు వైద్యుడు రోగానికి శరీరంలోనే కారణం వెతకడం మొదలుపెట్టాడు, కాని భూతాన్ని పూర్తిగా బయటికి పంపలేకపోయాడు. మన పల్లెల్లో ఈ విభజనలోని మొదటి నాలుగూ మాయమై అయిదవది మాత్రమే మిగిలింది. గాలి సోకింది, దయ్యం పట్టింది, ఎవరో చేసిండ్రు అన్న మాటలు దాని అవశేషాలే.

'ఎవరో చేసిండ్రు' అన్నదే వీటిలో అత్యంత ప్రమాదకరం. చేతబడి, బాణామతి పేరుతో ఉత్తర తెలంగాణలో ఎందరి పళ్లు ఊడగొట్టారో, ఎందరిని కొట్టి చంపారో పత్రికలు చదివే ప్రతివారికీ తెలుసు. ఒక ఇంట్లో ఒక మనిషికి మతి చెదిరితే ఇంకో ఇంట్లో ఒక ముసలామె ప్రాణం పోయేది. చాలాసార్లు ఆ రెండో ఇల్లు పేదది, వెనుకబడిన కులానిది లేదా ఒంటరి ఆడమనిషిది. ఒకరి రోగం ఇంకొకరి మీద నేరమైంది.

పూనకాన్నీ రోగాన్నీ ఒకటిగా చూడకూడదు. శివసత్తులు వేములవాడలో ఊగుతారు. ఆదిలాబాద్ గోండుల మధ్య 1940లలో పనిచేసిన హైమెన్‌డార్ఫ్, దేవత ఎవరి నోట పలుకుతుందో ఆ మనుషుల గురించి వివరంగా రాశాడు. ఈ ఆచారాలకు ఒక కాలం, ఒక స్థలం, చుట్టూ ఒక సమూహం, ఆ సమూహం ఆమోదం ఉంటాయి. డప్పు ఆగితే పూనకం ఆగుతుంది. ఉన్మాదం డప్పు ఆగినా ఆగదు. జాతర ముగిసి జనం ఇళ్లకు పోయినా ఆ మనిషి మాత్రం ఊగుతూనే ఉంటాడు. ఈ తేడా మన ఊళ్లలో పెద్దవాళ్లకు తెలుసు. "ఇది దేవుడు కాదు, బిడ్డా" అని చెప్పగలిగిన ముసలివాళ్లను నేను చూశాను.

ఇక కొండగట్టు. ఆంజనేయస్వామి సన్నిధిలో మండలం పాటు ఉంటే మతి కుదుటపడుతుందని మన ప్రాంతంలో గట్టి నమ్మకం. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసి ఊరుకోవడం సులువు. జనం ఎందుకు నమ్మారో చెప్పగలగడం విమర్శకుని పని. ఇక్కడే నేను మొదట అన్న నడుమ కాలం అవసరమవుతుంది. ఈ రోగం దఫాలుగా వస్తుంది. చికిత్స లేకపోయినా ఉన్మాదం కొన్ని వారాలకో నెలలకో దానంతట అది దిగుతుంది. విషాదం సాధారణంగా ఇంకాస్త ఎక్కువ కాలం ఉండి అదీ తగ్గుతుంది. దిగే సమయానికి పక్కన ఎవరుంటే వాళ్లకు ఆ పేరు వస్తుంది. గుడిలో ఉంటే దేవునికి, భూతవైద్యుని దగ్గర ఉంటే అతని తాయెత్తుకు, ఆసుపత్రిలో ఉంటే డాక్టరుకు. తిరగబెట్టినప్పుడు మాత్రం తప్పు రోగిది, వాడు నియమం తప్పాడు. ఇన్ని శతాబ్దాలు ఇన్ని రకాల వైద్యాలు 'పనిచేయడానికి' రోగం నడకే కారణం.

కొండగట్టు నుంచి నేర్చుకోవలసింది కూడా ఒకటి ఉంది. అక్కడికి రోగి ఒంటరిగా పోడు. తల్లో భార్యో తోడుండి, వంట చేసి పెట్టి, వేళకు పడుకోబెడతారు. ఊరిలోని అవమానం నుంచి, అప్పులవాళ్ల నుంచి కొన్నాళ్లు దూరం దొరుకుతుంది. వేళకు తిండి, వేళకు నిద్ర, తోడుగా మనిషి: ఈ మూడూ నేటి వైద్యం కూడా అడుగుతుంది. లేనిది మందు ఒక్కటే. ఆ ఒక్కటి లేకపోవడం వల్లనే మళ్లీ మళ్లీ కొండెక్కవలసి వచ్చింది.

2. గోడల చరిత్ర

ఆధునిక రాజ్యం మన దేశంలో మనోరోగిని మొదట చూసింది రోగిగా కాదు, శాంతిభద్రతల సమస్యగా. 1857 తిరుగుబాటు ముగుస్తుండగానే, 1858లో బ్రిటిషు ప్రభుత్వం పిచ్చాసుపత్రుల చట్టం చేసింది. 1912లో ఇండియన్ లూనసీ చట్టం వచ్చింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నలభై ఏళ్లు దాటేదాకా మనోరోగులను ఆసుపత్రిలో చేర్చడానికి అదే ఆధారం. దాని భాషలో రోగి 'లూనటిక్'. అతన్ని పట్టుకొచ్చేది పోలీసు, పంపేది మేజిస్ట్రేటు, ఉంచేది గోడ.

కోస్తాలో విశాఖపట్నం ఆసుపత్రి పందొమ్మిదవ శతాబ్దంలోనే వెలిసింది. నైజాం రాజ్యానికి పిచ్చాసుపత్రి జాల్నాలో ఉండేది. ఆ జాల్నా నేడు మహారాష్ట్రలో ఉంది. ఆసిఫాబాద్ అడవి నుంచో మంథని నుంచో ఒక మనిషిని జాల్నాకు తీసుకుపోవడమంటే ఆ కాలంలో ఏమిటో ఊహించండి. కచ్చడంలో స్టేషనుకు, అక్కడినుంచి రైలు, దిగిన చోట తెలియని భాష. వెట్టి చేసే కుటుంబానికి అది అయ్యే పని కాదు. అందుకే మన పల్లెల్లో పిచ్చాసుపత్రి లేదు, గొలుసు ఉంది. పశువుల కొట్టంలో గుంజకు కట్టేసిన మనిషి ఉన్నాడు. దీన్ని కుటుంబం క్రూరత్వంగా మాత్రమే రాసే రచయిత, ఆ కుటుంబానికి రాజ్యం ఇంకే దారి చూపిందో చెప్పాలి.

1953లో ఆ ఆసుపత్రి హైదరాబాద్‌లోని ఎర్రగడ్డకు వచ్చింది. దాని పక్కనే క్షయరోగుల ఆసుపత్రి. సమాజం భయపడే రెండు రోగాలను ఊరి చివర ఒక్కచోట చేర్చారు. ఊరు పెరిగి వాటిని మింగింది, భయం మాత్రం తగ్గలేదు. తెలంగాణలో 'ఎర్రగడ్డ' ఒక ఊరిపేరుగా మిగలలేదు. తిట్టయింది. "వీన్ని ఎర్రగడ్డకు తోలాలె" అని బడిలో పిల్లలు కూడా అంటారు. సినిమా దాన్ని నవ్వులపాలు చేసింది. తిట్టుగా మారిన ఆసుపత్రికి ఏ రోగి ఇష్టంగా పోతాడు? ఒక ఊరిపేరు మీద పడిన మచ్చ ఎందరిని చికిత్సకు దూరం చేసిందో లెక్క కట్టినవారు లేరు.

మనోరోగి ఇక్కడ కూడా వర్గాన్ని బట్టి, స్త్రీ పురుష భేదాన్ని బట్టి పేరు మార్చుకుంటాడు. దొర రాత్రంతా మేలుకొని నౌకర్లను నిద్రపోనీయకుండా కొత్త గడి కట్టడానికి ఆజ్ఞలిస్తే అది దర్జా. జీతగాడు అదే ఉత్సాహంతో దొర ముందు నిలబడి నేనే రాజునంటే అది పొగరు, దానికి మందు కొరడా. మగవాడు ఉన్మాదంలో ఆస్తి అమ్ముకుంటే జల్సాగాడు. ఆడది అదే ఉన్మాదంలో గట్టిగా నవ్వి, నగలు పంచి, పరాయివాళ్లతో చనువుగా మాట్లాడితే బరితెగించింది. ఆమెను పుట్టింటికి పంపుతారు, ఆ తర్వాత కోర్టుకు పోతారు. తెలుగు నేలకు చెందిన ఒక వైద్యుడు భార్యకు మనోరోగం ఉందంటూ విడాకులు కోరిన కేసులో, రోగం పేరు ఒక్కటే వివాహాన్ని రద్దు చేయడానికి చాలదని సుప్రీంకోర్టు 2013లో చెప్పవలసి వచ్చింది. చదువుకున్న వైద్యుని ఇంటి సంగతే ఇది అయితే చదువులేని ఇంట ఆడబిడ్డ గతి వేరే చెప్పనక్కరలేదు.

3. ఉప్పు కథ

ఈ రెండు కొసలూ ఒకే రోగానివని గుర్తించడానికి ఐరోపాలో కూడా చాలాకాలం పట్టింది. 1850లలో ఫ్రాన్సులో ఫాల్రే, బైయార్జే అనే ఇద్దరు వైద్యులు, ఒకే మనిషిలో ఉన్మాదం, విషాదం చక్రంలా తిరుగుతాయని విడివిడిగా వర్ణించారు. ఎవరు ముందు చెప్పారనే దాని మీద ఇద్దరూ వాదులాడుకున్నారు. 1899లో జర్మనీలో క్రేపెలిన్ దీన్ని, మనసును క్రమంగా క్షీణింపజేసే మరో రోగం నుంచి వేరుచేశాడు. అతను రోగిని ఒకరోజు చూసి నిర్ణయించలేదు, ఏళ్ల తరబడి రోగం నడకను గమనించాడు. మరల మామూలు మనిషి కాగలిగే రోగి వేరు, కాలేని రోగి వేరు అన్నది అతని పరిశీలన. రెండు ధ్రువాలు అన్న అర్థం వచ్చే మాట 1957లో లియోన్‌హార్డ్‌తో మొదలై, 1980లో అమెరికన్ వర్గీకరణలోకి ఎక్కింది.

చికిత్స కథ ఇంకా ఆసక్తికరం. రెండవ ప్రపంచయుద్ధంలో జపానువారి చెరలో చాంగీలో మూడేళ్లకు పైగా గడిపిన ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్, విడుదలయ్యాక మెల్‌బోర్న్ దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో, దాదాపు ఏ పరికరాలూ లేకుండా గినీ పందుల మీద ప్రయోగాలు చేశాడు. అతని ఊహ సరైనది కాదు, కాని దారిలో లిథియం అనే లవణం వాటిని శాంతపరచడం చూశాడు. ముందు తానే మింగి చూసుకొని, తర్వాత ఉన్మాదంలో ఉన్న పదిమంది రోగులకు ఇచ్చాడు. 1949లో ఫలితాలు ప్రచురించాడు. అయిదేళ్లుగా ఉన్మాదంలో ఉన్న మొదటి రోగి కోలుకొని ఇంటికి, పనికి వెళ్లాడు. మందు మానేశాడు, తిరగబెట్టింది. మళ్లీ మొదలుపెట్టారు. చివరకు 1950లో ఆ లవణం ఒంట్లో ఎక్కువై, ఆ విషప్రభావంతోనే చనిపోయాడు. ఈ మందు చరిత్ర అంతా ఆ ఒక్క మనిషి కథలో ఉంది. వేసుకుంటే బతుకు, మానేస్తే రోగం, మోతాదు మించితే చావు. రక్తంలో లిథియం ఎంతుందో కొలిచే పద్ధతి స్థిరపడ్డాకనే అది నమ్మకమైన మందైంది. డెన్మార్క్‌లో మోగెన్స్ షో 1954 నుంచి చేసిన పరీక్షలు దాన్ని నిలబెట్టాయి. అమెరికా 1970లో గాని అనుమతించలేదు.

లిథియం ప్రకృతిలో దొరికే లవణం. దానిమీద పేటెంటు తీసుకొని లాభాలు గడించే వీలు కంపెనీలకు లేదు. చవకైన మందుకు ప్రచారకులు ఉండరు. అయినా ఏడు దశాబ్దాల తర్వాత కూడా ఈ రోగంలో తిరగబెట్టకుండా కాపాడే మందుల్లో, ఆత్మహత్యలను తగ్గించే మందుల్లో దాని స్థానం చెక్కుచెదరలేదు.

మన దేశానికీ ఈ చరిత్రలో వాటా ఉంది. సర్పగంధ వేరు ఉన్మాదాన్ని అణచుతుందని మన వైద్యులకు పూర్వం నుంచే తెలుసు. 1931లో కలకత్తాలో గణేశ్ సేన్, కార్తీక్ బోస్ అనే ఇద్దరు దాన్ని ఆధునిక పద్ధతిలో పరీక్షించి ప్రచురించారు. 1952లో స్విట్జర్లాండ్ కంపెనీ దాన్నుంచి రిసర్పిన్‌ను వేరుచేశాక లోకం గుర్తించింది. తర్వాత అది కొందరిని విషాదంలోకి దించుతున్నదని అనుమానాలు వచ్చాయి, మెరుగైన మందులు వచ్చాయి, అది వెనక్కి తగ్గింది. సంప్రదాయ జ్ఞానాన్ని పూజించడమూ కాదు, తృణీకరించడమూ కాదు, పరీక్షకు పెట్టడం శాస్త్రీయ దృక్పథమని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

4. మిత్రుని కథ

ఇక మా పొరపాటు. నాతో పాటు కరీంనగర్ జిల్లాలో ఒక బడిలో పనిచేసిన మిత్రుడొకడు కవి. పేరు అవసరం లేదు. 2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి. ఊరూరా ధూంధాంలు. మావాడు రాత్రి పదింటికి మైకు అందుకుంటే రెండింటికి గాని దించేవాడు కాదు. తెల్లారి నాలుగింటికి ఫోను చేసి రాత్రి రాసిన నలభై పేజీలు వినిపించేవాడు. సద్దుల బతుకమ్మనాడు ఆడబిడ్డలందరికీ చీరలు పంచాడు, అప్పు తెచ్చి. మేమంతా మురిసిపోయాం. ఉద్యమం మనిషిని ఎంత ఎత్తుకు తీసుకుపోతుందో చూడండని ఒక సమావేశంలో నేనే అన్నాను. అతని భార్య మాత్రం నాతో ఒకమాట అంది. "అన్నా, ఆయన పదకొండు దినాలసంది పండలే." నేను నవ్వి, "ఉద్యమకాలం గదమ్మా" అన్నాను.

చలికాలం వచ్చేసరికి అతను మంచం దిగలేదు. సమావేశాలకు రాలేదు. రాసిన నాలుగు కవితలూ చావు చుట్టూ తిరిగాయి. వాటి మీద మేము చర్చ పెట్టాం. నిరాశావాదమన్నాం. మధ్యతరగతి ఊగిసలాట అన్నాం. ఉద్యమం ఆటుపోట్లను తట్టుకోలేని బుద్ధిజీవి లక్షణమని ఒకరు సిద్ధాంతీకరించారు. ఆ విమర్శ కాగితం అతనికి చేరింది. మంచం మీద పడి, తాను పనికిరానివాణ్నని రాత్రింబవళ్లు అనుకుంటున్న మనిషికి, అవును నువ్వు పనికిరావని సిద్ధాంతసహితంగా రాసి పంపాం.

తర్వాత పట్నంలో ఒక డాక్టరుకు చూపించారు. అడిగితే దిగులు సంగతి చెప్పారు. ఆశ్వయుజం నాటి సంగతి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే అది రోగమని ఎవరికీ తెలియదు, అది అతని గొప్పతనమని మేము ముద్ర వేశాం కదా. దిగులుకు మందు ఒక్కటే పడింది. ఈ రోగం ఉన్నవారికి ఆ మందు ఒంటరిగా ఇస్తే కొందరిలో ఉన్మాదాన్ని ఎగదోస్తుంది. ఉగాది నాటికి అతను మళ్లీ ఎగిశాడు, ఈసారి ఎకరంన్నర పొలం పోయింది. అప్పుడు గాని రెండు కొసలూ కలిపి చూసిన వైద్యుడు దొరకలేదు, లిథియం మొదలు కాలేదు.

అంతటితో కథ అయిపోలేదు. మరుసటి ఏడు మే నెల. రామగుండం, మంచిర్యాల ఎండలు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. జనగణన పనో ఎన్నికల పనో ఏదో ఒకటి పంతుళ్ల నెత్తిన ఉండనే ఉంటుంది, ఎండలో తిరిగాడు. మోకాలు నొప్పికి మందుల దుకాణంలో నొప్పిమాత్రలు కొని వారం వాడాడు. చేతులు వణకసాగాయి, వాంతులు, తూలుడు. బజారులో పడిపోతే తాగినాడన్నారు. నీళ్లు, ఉప్పు ఒంట్లో తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పంపక పట్టి ఉంచుతాయి. కొన్ని నొప్పిమాత్రలూ అదే పని చేస్తాయి. అదృష్టవశాత్తు భార్య మందుచీటీతో సహా ఆసుపత్రికి తీసుకుపోయింది. బతికాడు. మోతాదు మార్చారు. ఇవాళ అతను తెలుగు చెబుతున్నాడు, అప్పుడప్పుడు రాస్తున్నాడు.

5. ఈ నేల మీద రోగంతో బతకడం

వైద్యగ్రంథాలు చెప్పే జాగ్రత్తలను మన నేల మీదికి దించి చూడాలి. నిద్ర చెడితే ఉన్మాదం మొదలవుతుందంటారు. సింగరేణి బొగ్గుబాయిలో మూడో షిఫ్టు చేసే కార్మికునికి వారం వారం నిద్రవేళ మారుతుంది. వేడి బాయిలో చెమట కారుతుంది. అతనికి రాత్రి షిఫ్టు తప్పించడం వైద్యంలో భాగం, కాని అది డాక్టరు చేతిలో లేదు, యాజమాన్యం చేతిలో ఉంది. సిరిసిల్లలో మరమగ్గం మీద పన్నెండు గంటలు నిలబడేవానికీ అంతే. మత్తు మానాలంటారు. మన ప్రాంతంలో కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, అల్ప్రాజోలం కలిపినట్టు దాడుల్లో పదే పదే బయటపడింది. కల్లు తాగుతున్నాననుకున్న మనిషి తెలియకుండానే నిద్రమాత్రలకు బానిస అవుతాడు. ఒక్కసారిగా మానితే వణుకు, భ్రమలు వస్తాయి. రోగమేదో కల్తీ ఏదో వైద్యునికే తెలియని పరిస్థితి. దుబాయి పోయినవాడు అక్కడ మతి చెదిరితే మందు కంటే ముందు పాసుపోర్టు గురించి భయపడతాడు.

మందు వాడే మనిషి, ఇంటివాళ్లు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బాగున్నప్పుడు మందు మానకూడదు, బాగుండడానికి కారణం అదే. లిథియం వాడేవారు రక్తంలో దాని పాలు, థైరాయిడ్, మూత్రపిండాల పనితీరు ఎప్పటికప్పుడు పరీక్ష చేయించుకోవాలి. ఎండాకాలం నీళ్లు తగ్గనీయరాదు, ఉప్పు ఉన్నట్టుండి మానరాదు, వాంతులు విరేచనాలైతే వెంటనే వైద్యుణ్ని కలవాలి. అడగకుండా నొప్పిమాత్ర వేసుకోరాదు. పిల్లలు కావలసిన వయసు స్త్రీలకు వాల్‌ప్రోయేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది, ఆ సంగతి ముందే మాట్లాడుకోవాలి. నిద్ర రెండు రాత్రులు తగ్గి, అయినా హుషారు పెరిగితే అది మొదటి హెచ్చరిక. ఆ హెచ్చరికను మొదట చూసేది భార్యో తల్లో. వాళ్ల మాట వినాలి. నేను వినలేదు.

ఈ రోగం వంశంలో నడుస్తుంది, ఇది దాచవలసిన సంగతి కాదు. అచ్చు ఒకేలా పుట్టిన కవలల్లో ఒకరికి ఉంటే రెండో వారికి వచ్చే అవకాశం సుమారు 40 నుంచి 70 శాతం ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. నూటికి నూరు కాదు. ఆ మిగిలిన వాటాలో బతుకు ఉంది, నిద్ర ఉంది, అప్పు ఉంది, సమాజం ఉంది. శరీరమా సమాజమా అన్న ప్రశ్నే యాంత్రికమైనది. రోగం విత్తనం శరీరంలో ఉండవచ్చు. అది ఎప్పుడు మొలుస్తుందో, మొలిచాక మనిషి బడికి పోతాడో గొలుసుకు పోతాడో సమాజం నిర్ణయిస్తుంది.

6. చట్టం, బతుకు

1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. 1987లో కొత్త చట్టం చేసి 1993లో గాని అమలులోకి తేలేదు. నేరం చేయని మనోరోగులను జైళ్లలో ఉంచడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పిందీ 1993లోనే. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని దేశంలో మొదట నాలుగు జిల్లాల్లో మొదలుపెడితే అందులో మన పొరుగునున్న మెదక్ ఒకటి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, ఒక దర్గా దగ్గర గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయారు. గొలుసు వల్ల పరుగెత్తలేకపోయారు. దేశం అప్పుడు ఉలిక్కిపడింది. గొలుసును నిషేధించి, చికిత్సను హక్కుగా గుర్తించిన చట్టం రావడానికి 2017 దాకా పట్టింది. ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించాలే గాని శిక్షించరాదని కూడా అది చెప్పింది. 1997, 98లలో పత్తిరైతులతో మొదలై రైతుల చావులు, సిరిసిల్ల నేతన్నల చావులు చూసిన మన జిల్లాలకు ఆ మాట విలువ తెలుసు.

మార్పు లేదని అనను. 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ వచ్చింది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలలో వైద్యకళాశాలలు మొదలయ్యాయి. అదే ఏడు అక్టోబరులో టెలి మానస్ సేవ మొదలైంది, 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడేవారుంటారు. జాల్నా దూరం ఇప్పుడు ఫోను దూరమైంది. కాని 2015, 16లలో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వే ప్రకారం ఈ రోగం ఉన్నవారిలో సుమారు 70 శాతానికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ గాని ఆంధ్రప్రదేశ్ గాని లేవు. మన రోగుల లెక్క మనకు లేదు.

7. మనం చేయవలసింది

మన నవల మనసు లోపలికి పోలేదని అనలేం. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' నుంచి నవీన్ 1969లో తెచ్చిన 'అంపశయ్య' దాకా చైతన్యంలోని కల్లోలాన్ని చిత్రించే ప్రయత్నం ఉంది. కాని అక్కడ కల్లోలం ఒక తాత్విక స్థితి, ఒక తరం సంక్షోభం. నెలకోసారి రక్తపరీక్షకు బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోయే మనిషి, మందుచీటీని కొంగున కట్టుకొని పోయే అతని భార్య మన కథలోకి ఇంకా రాలేదు. ఆమె వస్తే గాని ఈ రోగం సాహిత్యంలోకి వచ్చినట్టు కాదు.

రెండు భ్రమలు వదులుకోవాలి. ఒకటి, పిచ్చి ప్రతిభకు చుట్టమన్న భావన. మా మిత్రుడు ఉన్మాదంలో రాసిన నలభై పేజీల్లో నిలిచింది ఒక్క పేజీ. మామూలుగా ఉన్న కాలంలో కూర్చొని దిద్దుకున్నవే అతని మంచి కవితలు. మందు కవిని చంపుతుందని అతనితో ఎవరన్నా అంటే, మందు మానిన కవిని తాను చూశానని జవాబు చెబుతాడు. రెండవది, ప్రతి దుఃఖాన్నీ ప్రతి ఉత్సాహాన్నీ వెంటనే వర్గ స్వభావంతో కొలిచి తీర్పు చెప్పే అలవాటు. సమాజ విశ్లేషణ మన ఆయుధం. కాని ఏ చేతిలో ఏ పనిముట్టు ఉండాలో తెలియనివాడు నాగలితో బట్ట కుట్టబోతాడు. కవిత వెనుక మనిషి ఉన్నాడు. ఆ మనిషి నిద్రపోతున్నాడా లేదా అని అడగడం విమర్శకుని గౌరవానికి తక్కువ కాదు.

మేము రాసిన ఆ విమర్శ కాగితాన్ని మిత్రుడు దాచుకున్నాడు. మొన్న ఇంటికి పోతే తీసి చూపించాడు. కోపం లేదు. "ఇందులో తప్పేం లేదు సార్, రోగాన్ని తప్ప అన్నిటినీ సరిగ్గానే పట్టుకున్నరు" అన్నాడు. ఆయన భార్య చాయ తెచ్చి ఇచ్చి, గోడ గడియారం చూసి, మాత్ర వేళయిందని గుర్తుచేసింది. అతను మాట ఆపి లేచి మాత్ర వేసుకొని వచ్చి కూర్చున్నాడు. ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది. అందుకే ఈ వ్యాసం.